షౌఖ్ ఒకరిది, బండి ఇంటిల్లిపాదిది



మా ఆపా కొడుకు కొన్ని నెలలుగా ఒకే ధ్యాసలో ఉన్నాడు. ఇంట్లో ఉన్న ఆటోమేటిక్ పెట్రోల్ బండికి హై స్టాల్ టార్క్ కన్వర్టర్ వేయించాలట. సిగ్నల్ పడగానే బండి ఎగిరి దూకాలట. ఉద్యోగంలో చేరి ఏడాది కూడబెట్టుకున్న పైసలు వాడి దగ్గరున్నాయి. "మామూ, అమ్మీకి నువ్వు చెబితే వింటుంది" అని నన్ను సిఫారిష్‌కి పట్టుకున్నాడు.

వాడికి చెప్పిన జవాబే ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి భాంజాలు, బేటాలు మీ ఇళ్లలోనూ ఉంటారు. చాలా ఇళ్లలో ఈ సవాల్‌కి రెండే జవాబులు. అబ్బాలైతే "చుప్ బైఠో" అంటారు. అమ్మీలైతే "పోనీలే, బచ్చా ముచ్చట పడుతున్నాడు" అంటారు. రెండింటిలోనూ బండి గురించి ఒక్క మాట ఉండదు. నా రాయి సాఫ్‌గా చెబుతాను: ఇంటిల్లిపాదీ వాడే రోజ్‌మర్రా బండికి ఈ వస్తువు వద్దు. షౌఖ్ చెడ్డదని కాదు. ఒకడి ఫాయిదా కోసం మిగతా అందరి సుకూన్ తీసేసే మార్పు ఇది.

ముందు వస్తువేంటో చూద్దాం. ఆటోమేటిక్ బండిలో క్లచ్ పెడల్ ఉండదు కదా, మరి బ్రేకు తొక్కి బండి ఆపినప్పుడు ఇంజన్ ఎందుకు ఆగిపోదు? టార్క్ కన్వర్టర్ ఉన్న బళ్లలో ఆ పని చేసేది ఇదే. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదానికే కరెంటు ఇవ్వండి. దాని గాలికి రెండోది కూడా మెల్లగా తిరుగుతుంది. రెండోదాన్ని చేత్తో పట్టుకుని ఆపినా మొదటిది ఆగదు. కన్వర్టర్ లోపల గాలి బదులు ఆయిల్ ఉంటుంది. ఇంజన్ తిప్పే రెక్కల చక్రం ఇంపెల్లర్, గేర్‌బాక్స్‌ని తిప్పే చక్రం టర్బైన్. ఈ రెండిటి మధ్యలో స్టేటర్ అని చిన్న చక్రం ఉంటుంది. టర్బైన్‌ని కొట్టి వెనక్కి వచ్చే ఆయిల్‌ని సరైన దిశకు మళ్లించి మళ్లీ ఇంపెల్లర్‌కి అందిస్తుంది. ఆ చిన్న చక్రం మెహర్బానీ వల్లే బండి కదిలే క్షణంలో ఇంజన్ బలం దాదాపు రెండింతలై చక్రాలకు చేరుతుంది. స్పీడు అందుకున్నాక ఇంపెల్లర్‌నీ టర్బైన్‌నీ గట్టిగా కలిపి పట్టే లాకప్ క్లచ్ ఒకటి లోపలే ఉంటుంది. అది పట్టుకుంటే జారుడు ఉండదు, మైలేజీ దక్కుతుంది.

ఇక 'స్టాల్' అంటే? టర్బైన్ కదలకుండా పట్టి ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఇంజన్ ఎంత ఆర్‌పీఎం దాకా వెళ్లి ఆగిపోతుందో అది స్టాల్ స్పీడు. మన ఇళ్లలో ఉండే మామూలు బళ్లకు అది 2,000 ఆర్‌పీఎంకి అటూ ఇటూ ఉంటుంది. పెర్ఫార్మెన్స్ కన్వర్టర్‌లో దాన్ని 3,000 దాకా, కొన్నిట్లో ఇంకా పైకి తీసుకెళ్తారు. అంటే ఇంజన్ తన అసలు తాకత్ చూపించే ఆర్‌పీఎంకి చేరాకే బండి మీద పూర్తి బరువు పడుతుంది. అందుకే ఆ దూకుడు. అది అబద్ధం కాదు. నిలబడి ఉన్న బండి మొదటి కొన్ని సెకన్లలో నిజంగానే చురుగ్గా లేస్తుంది. కానీ ఇంజన్‌కి ఒక్క హార్స్‌పవర్ కూడా కొత్తగా చేరదు. లాకప్ పట్టాక పాత కన్వర్టర్‌కీ కొత్తదానికీ ఫరఖ్ ఉండదు. లక్ష రూపాయలు పెట్టి కొంటున్నది ఆ మొదటి కొన్ని సెకన్లనే.

ఈ వస్తువు ఎక్కడిదో తెలిస్తే ఎవరికి పనికొస్తుందో కూడా తెలుస్తుంది. జర్మనీ ఇంజనీరు హెర్మాన్ ఫోటింగర్ 1905లో దీనికి పేటెంట్ తీసుకున్నది ఓడల కోసం. అమిత వేగంతో తిరిగే ఆవిరి టర్బైన్‌నీ, నెమ్మదిగా తిరగాల్సిన ఓడ పంకానీ కలపడం ఆయన ముందున్న సమస్య. 1948లో అమెరికాలో బ్యూక్ కంపెనీ డైనాఫ్లో గేర్‌బాక్స్‌తో దీన్ని ఇంటి కారులోకి తెచ్చింది. అదే దేశంలో డ్రాగ్ రేసులు ఆడేవాళ్లు పావు మైలు, అంటే 402 మీటర్లు, అందరికన్నా ముందు దాటడానికి స్టాల్ స్పీడు పెంచిన కన్వర్టర్లు వాడారు. ఆ బళ్లలో పెద్ద పెద్ద వీ-8 ఇంజన్లు ఉంటాయి. బండి లారీ మీద ట్రాక్‌కి వస్తుంది, పరుగు తీస్తుంది, చల్లారే దాకా ఆగుతుంది. పాల ప్యాకెట్‌కి వెళ్లదు. స్కూలు ముందు పిల్లల కోసం ఏసీ వేసుకుని పావుగంట నిలబడదు.

ఇంకో సంగతి. స్టాల్ స్పీడు కన్వర్టర్ మీద ముద్ర కొట్టిన పక్కా నంబరు కాదు. వెనకాల ఎంత బలమైన ఇంజన్ ఉందన్నదాన్ని బట్టి అది మారుతుంది. వీ-8 మీద 3,000 చూపించే కన్వర్టర్ ఒకటిన్నర లీటర్ల పెట్రోల్ ఇంజన్ మీద చాలా తక్కువే చూపిస్తుంది. అమెరికా వీడియోలు చూసి నంబర్లు బట్టీ పట్టిన నౌజవాన్లకు ఈ మాట ఎవరూ చెప్పరు. పైగా మన దగ్గర అమ్మే మామూలు బళ్లకు రెడీమేడ్‌గా డబ్బాలో దొరికే పెర్ఫార్మెన్స్ కన్వర్టర్లు చాలా అరుదు. మా భాంజాకి ఒకచోట ఇచ్చిన ఎస్టిమేట్ కూడా అలాంటిది కాదు. ఉన్న కన్వర్టర్‌నే లేత్ మీద కోసి, రెక్కల కోణం మార్చి, మళ్లీ వెల్డింగ్ చేసి ఇస్తామన్నారు. అది ఎవరి హునర్ మీద ఎంత భరోసా పెట్టుకుంటామన్న సవాల్.

ఇప్పుడు మన రోడ్ల సంగతి. పటమట నుంచి బెంజి సర్కిల్ దాకా సాయంత్రం ఏడింటికి వెళ్లండి. ఫ్లైఓవర్లు వచ్చాక హైవే మీద పోయేవాళ్లకు ఊపిరాడింది. కింద మనం మాత్రం మొదటి గేరులో పాకుతూనే ఉంటాం. కన్వర్టర్‌లో జారుడు ఎక్కువయ్యేది ఇలాంటి పాకుడులోనే. జారిన బలం ఎక్కడికీ పోదు, ఆయిల్‌లో వేడిగా మారుతుంది. ఉదాహరణకి ఇంజన్ 8 కిలోవాట్లు ఇస్తుంటే అందులో సగం జారిపోయిందనుకోండి. 4 కిలోవాట్ల వేడి. అంటే 2 కిలోవాట్ల గీజర్లు రెండు గేర్‌బాక్స్ లోపల ఆన్ చేసి పెట్టినట్టు. స్టాల్ స్పీడు పెంచితే ఈ జారుడు ఇంకా పెరుగుతుంది.

అది జనవరిలో సరే. రోహిణి కార్తెలో? రోళ్లు పగిలే ఎండలో, బయటే 44 డిగ్రీలున్నప్పుడు, రేడియేటర్‌కి చల్లార్చుకోడానికి చల్లగాలి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ 80, 90 డిగ్రీల దగ్గర హాయిగా పనిచేస్తుంది. ఆ పైన ప్రతి పది, పదకొండు డిగ్రీలకూ దాని ఆయుష్షు సగం తగ్గుతుందని మెకానిక్‌లు మోటు లెక్క ఒకటి చెబుతారు. ఆయిల్ మాడితే సీళ్లు గట్టిపడతాయి, లోపలి క్లచ్ ప్లేట్లు జారతాయి. ఆ తర్వాత గేర్‌బాక్స్ దించాల్సిందే. కన్వర్టర్ ఖర్చు పక్కన ఆ ఖర్చు ఏనుగు పక్కన ఏనుగులా నిలబడుతుంది.

కొండలూ ఘాట్లూ ఉన్న ఊరైతే ఇంకేదో వాదన ఉండేదేమో. మనది డెల్టా. బందరు దాకా వెళ్లినా అరచేయంత చదునుగా ఉంటుంది రోడ్డు.

వేడి సంగతి అట్లా ఉంచండి. నా అసలు ఫికర్ వేరే. ఆ బండి నడిపేది ఎవరు?

మా ఆపా నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకుంది. గేర్ల బండి మీద రెండుసార్లు మొదలుపెట్టి వదిలేసింది. క్లచ్, గేరు, వెనకాల లారీ హారన్, అన్నీ కలిసి చేతులు వణికేవి. ఆటోమేటిక్ వచ్చాక మూడు వారాల్లో ఒంటరిగా రైతుబజారుకి వెళ్లొచ్చింది. ఇప్పుడు దూల్హాభాయ్ షాపు వదిలి రాలేని రోజున అమ్మీని హాస్పిటల్‌కి తనే తీసుకెళ్తుంది. మోకాళ్ల నొప్పితో ఆటో ఎక్కలేని మా అమ్మీ ఆ ముందు సీట్లో కూర్చుని ఊరంతా చూస్తుంది. ఒకరి ఇజాజత్ కోసం, ఒకరి ఫుర్సత్ కోసం ఎదురుచూడకుండా ఇంట్లోంచి బయటపడటం ఎంత పెద్ద సంగతో మన ఇళ్లలోని ఆడవాళ్లను అడగండి. ఈ రోజుల్లో ఎన్నో ఖాందాన్లలో ఆటోమేటిక్ బండి అర్థం ఇదే.

ఆ బండిలో ఆపాకి బాగా అలవాటైనది ఒకటుంది. బ్రేకు మీంచి కాలు తీస్తే బండి తనంతట తానే మెల్లగా కదులుతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, రెండు స్తంభాల మధ్య, పక్కింటివాళ్ల బండికి జానెడు దూరంలో పార్కింగ్ చేసేది ఆ కదలిక మీద భరోసాతోనే. స్టాల్ స్పీడు పెంచితే మొదట దెబ్బతినేది అదే. కాలు తీస్తే బండి బద్ధకంగా ఉంటుంది. ర్యాంపు మీద వెనక్కి జారినట్టనిపిస్తుంది. కాస్త తొక్కితే ఇంజన్ అరుస్తుంది కానీ బండి లేవదు. ఇంకాస్త తొక్కితే ఒక్కసారిగా దూకుతుంది. ఇరవై నాలుగేళ్ల కుర్రాడికి ఆ దూకుడులో మజా ఉంది. సెల్లార్ ర్యాంపు మీద, ముందు వాచ్‌మన్ పిల్లలు ఆడుకుంటుంటే, ఆపాకి అందులో ఖౌఫ్ ఉంది. రెండుసార్లు గుండె గుభేలుమంటే తాళం తిరిగి మేకుకి తగిలిస్తుంది. మళ్లీ ఎవరి ఫుర్సత్ కోసమో ఎదురుచూడటం మొదలవుతుంది.

భాంజాతో నేను అన్నది ఇదే. "బేటా, పైసలు నీవి. ఆ మెహనత్ నీది. నీకు హఖ్ ఉంది. కానీ బండి నీది కాదు. అది నీ చేతిలో అమానత్."

వాడి దగ్గర జవాబు లేకపోలేదు. "మామూ, కన్వర్టర్‌కి ఆర్.సి.లో గడే లేదు, పోలీసు ఆపి అడిగేదేముంది?" అన్నాడు. నిజమే. బండిని కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా మార్చకూడదని, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అదే చెబుతోందని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కానీ ఆ సెక్షన్ ప్రధానంగా ఆర్.సి.లో నమోదయ్యే వివరాల గురించి. గేర్‌బాక్స్ లోపలి చక్రాన్ని రోడ్డు మీద ఎవరూ విప్పి చూడరు. అయితే వారంటీలో ఉన్న బండి గేర్‌బాక్స్ మీద బయటివాళ్లు చెయ్యి వేస్తే ఆ వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా మార్చిన బండికి పెద్ద యాక్సిడెంట్ జరిగితే క్లెయిమ్ దగ్గర ఆ మార్పు మీద ఝగడా రావొచ్చు. ఆ కాగితాలన్నిటి మీదా ఉన్నది మా ఆపా పేరు. జవాబు చెప్పుకోవాల్సింది ఆమె.

వాడి రెండో మాట నన్ను కాస్త ఆలోచింపజేసింది. "మనవాళ్ల రోజీ రోటీ అంతా ఆటోనగర్‌లోనే కదా, కొత్త పనులు రాకపోతే షెడ్లు ఎట్లా నడుస్తాయి?" ఇది తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. 1960ల్లో మొదలైన మన జవహర్ ఆటోనగర్ ఎన్ని ఖాందాన్లకు దస్తర్ఖాన్ పరిచిందో నాకు తెలుసు. లేతులు, రేడియేటర్లు, సీటు కవర్లు, టింకరింగ్, లారీ బాడీలు. బడి మానేసి షాగిర్ద్‌గా చేరి ఉస్తాదులై పిల్లల్ని ఇంజనీర్లను చేసినవాళ్లు మనలో ఎందరో. కానీ అక్కడి ఇజ్జత్ దేని మీద నిలబడింది? లారీ బాడీ కట్టే మేస్త్రీ ముందు అడిగేది "ఏం లోడు వేస్తావు, ఏ రూటులో తిప్పుతావు?" అని. బండి ఏ పనికి, ఎవరి కోసం అని అడిగి, దానికి తగ్గట్టు కట్టడమే అక్కడి హునర్. అడగకుండా వేసేస్తే అది ఉత్త బిగింపు.

కన్వర్టర్ మార్చడం చిన్న పనీ కాదు. గేర్‌బాక్స్ మొత్తం కిందికి దించాలి. కన్వర్టర్‌ని తిప్పుతూ తిప్పుతూ లోపలికి నెడితే మూడు మెట్లుగా కూర్చోవాలి: స్టేటర్ షాఫ్ట్ పళ్లలో ఒకసారి, ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్లలో ఒకసారి, ఆయిల్ పంపు గాడుల్లో ఒకసారి. చివరి మెట్టు పట్టకుండానే బోల్టులు బిగిస్తే ఆయిల్ పంపు అక్కడికక్కడే పగులుతుంది. కోసి మళ్లీ వెల్డింగ్ చేసిన కన్వర్టర్‌ని బ్యాలెన్స్ చేయకపోతే వణుకుడు మొదలవుతుంది. ఇదంతా బాగా చేసినా, లాకప్ ఎప్పుడు పట్టాలో నిర్ణయించే బండి కంప్యూటర్‌కి కొత్త చక్రం లెక్క తెలియదు. దాని లెక్కలు కూడా మార్చాలి. మార్చకపోతే గేర్లు కుదుపుతాయి, డాష్‌బోర్డు మీద పచ్చ లైటు వెలుగుతుంది. ఇవన్నీ తెలిసిన ఉస్తాద్ దగ్గరికి వెళ్లండి. ఆయన ముందు చెప్పేది "వద్దు బాబూ" అనే. ఆ ఒక్క మాట చెప్పి పంపేసే ఉస్తాద్‌కే మన పైసలు వెళ్లాలి.

మరి ఆ పైసలతో ఏం చేయాలి? కొన్ని మాటలు మష్వరాగా తీసుకోండి.

మొట్టమొదట మీ బండిలో ఏ రకం ఆటోమేటిక్ ఉందో తెలుసుకోండి. ఏఎంటీ అంటే మామూలు గేర్‌బాక్స్‌కే మోటార్లు బిగించినది. అందులో టార్క్ కన్వర్టర్ ఉండనే ఉండదు. డ్యూయల్ క్లచ్ బళ్లలోనూ మామూలుగా ఉండదు. సీవీటీల్లో కొన్నిట్లో ఉంటుంది. ఇన్నోవా క్రిస్టా, స్కార్పియో ఎన్, 2022 తర్వాతి ఎర్టిగా, బ్రెజ్జా లాంటి ఆరు గేర్ల ఆటోమేటిక్‌లు టార్క్ కన్వర్టర్ బళ్లు. లేనిదాన్ని మారుస్తానని పైసలు అడిగేవాడి దగ్గర్నుంచి ఈ తెలివిడి ఒక్కటే కాపాడుతుంది.

"బండి లేవడం లేదు" అనిపిస్తే ముందు చవకైనవి చూడండి. ఎయిర్ ఫిల్టర్, టైర్లలో గాలి, స్పార్క్ ప్లగ్గులు, అంటుకుని తిరుగుతున్న బ్రేకులు. తర్వాత గేర్‌బాక్స్ ఆయిల్. దాన్ని మార్చనే అక్కర్లేదని కొన్ని కంపెనీలు అంటాయి. మన ఎండలకూ, మన ట్రాఫిక్‌కీ 60 వేల కిలోమీటర్ల దగ్గర ఒకసారి చూపించుకోవడం మంచిదని చాలామంది మెకానిక్‌ల తజుర్బా. మాన్యువల్‌లో రాసిన గ్రేడు ఆయిలే పోయించండి. "అన్నీ ఒకటే సార్" అనేవాడి దగ్గర ఆగకండి. 50, 60 స్పీడులో గతుకుల రోడ్డు మీద పోతున్నట్టు సన్నగా వణుకు వస్తుంటే అది లాకప్ క్లచ్ ఫిర్యాదు కావొచ్చు, వెంటనే చూపించండి. ఎక్కువ బరువుతో, ఎక్కువ దూరాలు తిరిగే బండైతే తెలిసినవారి చేత అదనపు ఆయిల్ కూలర్ పెట్టించుకోవడం పనికొచ్చే ఖర్చు. అది బండి స్వభావం మార్చదు, ఆయుష్షు పెంచుతుంది.

ఇంకోటి. వీడియోలు చూసి బ్రేకు, యాక్సిలరేటర్ కలిపి తొక్కి స్టాల్ పరీక్ష ఇంట్లో చేసేవాళ్లున్నారు. మెకానిక్‌లు కూడా దాన్ని అయిదు సెకన్లు దాటనివ్వరు. ఇంజన్ ఇచ్చే బలమంతా ఆ సెకన్లలో వేడిగానే మారుతుంది. బ్రేకు జారితే బండి ఎదుట ఉన్నవాళ్ల గతి చెప్పక్కర్లేదు. పిల్లలు తిరిగే గల్లీలో అది తమాషా కాదు.

అయితే హై స్టాల్ కన్వర్టర్ ఎవరికీ వద్దా? అలా అనడం ఇన్సాఫ్ కాదు. ట్రాక్ మీద పరుగుకే కట్టిన బండి, పెద్ద టర్బో బిగించి కింది ఆర్‌పీఎంలో బలం లేకుండా పోయిన ఇంజన్, ఒక్కడే నడిపే రెండో బండి, వీటికి అది సరైన వస్తువే. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో రేసు ట్రాక్ ఉంది. షౌఖ్ ఉన్నవాడు దానికోసం ఒక పాత బండి కొనుక్కోవచ్చు, విప్పుకోవచ్చు, పాడుచేసుకోవచ్చు. నేర్చుకునేది పాడుచేసుకున్నప్పుడే. మా భాంజాకి నేను ఇచ్చిన సలహా కూడా అదే. ఆదివారాలు ఏదైనా షెడ్డులో నిలబడి గేర్‌బాక్స్ దించడం చూడమన్నాను. చేతికి గ్రీజు అంటించుకోమన్నాను. ఆ లక్ష ఇంకొన్నాళ్లు బ్యాంకులోనే ఉంటే నుక్సాన్ ఏమీ లేదు.

వాడు ఇంకా ముఖం ముడుచుకునే ఉన్నాడు. ఉండనీ. నౌజవాన్ల జిద్దు ఒక్క రోజులో పోదు, పోకూడదు కూడా. ఆ జిద్దులోంచే రేపటి ఉస్తాదులు వస్తారు.

అబ్బాలకు, అమ్మీలకు నా గుజారిష్ ఒక్కటే. పిల్లాడు ఇలాంటి మాట తెస్తే నోరు మూయించకండి, జేబూ తెరవకండి. ఆదివారం పొద్దున వాణ్ణి వెంటబెట్టుకుని ఆటోనగర్‌కి వెళ్లండి. నెత్తి నెరిసిన మేస్త్రీ ఎదుట కూర్చోబెట్టి, చాయ్ తాగుతూ, "ఈ బండి మా ఇంట్లో నలుగురు నడుపుతారు" అని మాట మొదలుపెట్టండి. మిగతాది ఆయన చూసుకుంటాడు.

ఖుదా హాఫిజ్.